పాత బొమ్మకు క్రొత్త చీర

గత సంవత్సరము మా పాఠశాల కంప్యూటరు గదిలో తొమ్మిదవ తరగతి విద్యార్థిని యొకతె తన నాయనమ్మ రూపమును కంప్యూటరు బొమ్మగా దిద్దుచుండెను. ఆ వృద్ధురాలు అంతకు రెండేండ్ల పూర్వమే కాలధర్మము నొందెను. ఇంట మిగిలినది ఒక్కటే ఛాయాచిత్రము. దానిని ప్రక్క నుంచుకొని, ముక్కు కొంచెము వెడల్పు చేసి, బుగ్గలు లోనికి త్రోసి, కనురెప్పలు వాల్చి, నడుము వంచి, తీరిక దొరికినప్పుడెల్ల పాటుపడి, దాదాపు ఒక యేడాదికి పోలిక రప్పించెను. చీర కట్టింపవలసి వచ్చినప్పుడు చిక్కు పుట్టెను. దొరికిన చీర జెనెసిస్ 8 అను క్రొత్త తరపు బొమ్మకై చేయబడినది. ఆమె దిద్దిన ముఖమో, జెనెసిస్ 2 అను పాత తరపు బొమ్మ మీద నున్నది. చీరను తొడిగి చూడగా చేతులు రవికెను చీల్చుకొని వెలుపలికి వచ్చెను. కాలు ముందుకు వేయించినను కుచ్చిళ్లు కదలలేదు. "మాస్టారూ, సైజు సరిపోలేదా అండీ?" అని ఆ పిల్ల నన్నడిగెను. తప్పినది సైజు మాత్రమే కాదు. తక్కినదేమో ఇచ్చట వివరించెదను.

ఈ బొమ్మల సంగతి ఎరుగని తలిదండ్రుల కొరకు కొంత వెనుకకు పోవలెను. చిత్రకారులు కీళ్లుగల కొయ్యబొమ్మను కావలసినట్లు వంచి, చూచి గీయుట కద్దు. ఆ కొయ్యబొమ్మ పనిని కంప్యూటరు తెర మీద జరిపించుటకై 1995లో పోజర్ అను ప్రోగ్రాము వెలువడెను. పిమ్మట అమెరికా దేశమందలి యూటా రాష్ట్రమునకు చెందిన డాజ్ అను సంస్థ 2006లో విక్టోరియా 4 అను స్త్రీరూపమును, 2011లో జెనెసిస్‌ను, 2013లో జెనెసిస్ 2ను, 2015లో జెనెసిస్ 3ను, 2017లో జెనెసిస్ 8ను, 2022లో జెనెసిస్ 9ను వెలువరించెను. మూడు తరువాత ఎనిమిది యేల వచ్చెనని లెక్కలు బాగుగా వచ్చిన పిల్లలు అడుగుదురు. జెనెసిస్ 3 మీద మలచిన స్త్రీకి విక్టోరియా 7 అని పేరుండెను. తరువాతి విక్టోరియాకును తరువాతి జెనెసిస్‌కును అంకె యొక్కటిగా నుండవలెనని నడుమ అంకెలను దాటిపోయిరి. అంతకు మించి రహస్యమేమియు లేదు.

బొమ్మ చర్మము వేలకొలది బిందువులను కలిపి అల్లిన వలవంటిది. లోపల ఎముకలు గలవు. వస్త్రము కూడ అట్టి వలయే, దాని లోపలను ఎముకలు గలవు! బొమ్మ తొడ యెముక తిరిగినప్పుడు, వస్త్రములో అదే పేరుగల యెముక తానును తిరుగును. ఇది హాజరుపట్టీ పిలుచుట వంటిది. పేరు కలిసిననే "వచ్చితి నండీ" అను జవాబు వచ్చును. జెనెసిస్ 2లో తొడకు ఒకటే యెముక. జెనెసిస్ 3 మొదలు దానిని రెండు చేసిరి; ఒకటి వంగుటకు, మరియొకటి మెలి తిరుగుటకు. పేర్లును మారెను. కనుక పాత బొమ్మ తన తొడ పేరు పిలిచినప్పుడు క్రొత్త చీరలో పలుకువారు లేరు. కుచ్చిళ్లు కదలక పోవుటకు కారణమిదే. జెనెసిస్ 9లో పేర్లు మరల మార్చబడెను.

రెండవ సంగతి కొంచెము సూక్ష్మమైనది. మోచేయి వంగినప్పుడు దాని చుట్టునున్న చర్మములో ఏ బిందువు ఎంత కదలవలెను? విక్టోరియా 4 నాటి పద్ధతిలో కీలు చుట్టు కొన్ని హద్దులు గీసి, ఆ హద్దులలో దూరమును బట్టి ప్రభావము తగ్గునట్లు ఏర్పరచిరి. జెనెసిస్ మొదలుకొని ఒక్కొక్క బిందువునకు ఏ యెముక పాలు ఎంతయో విడివిడిగా నిర్ణయించిరి. దీనిని వెయిటు అందురు. వస్త్రము వెయిట్లు ఒక విధముగను, శరీరపు వెయిట్లు వేరొక విధముగను ఉన్నచో, నిలుచున్నప్పుడు చక్కగా అమరిన రవికె చేయి ఎత్తగానే చంక వద్ద చర్మములోనికి దిగబడును.

మూడవది నిలుచు తీరు. జెనెసిస్ 2 బొమ్మ రెండు చేతులును భుజముల యెత్తున అడ్డముగా చాచి నిలుచును. జెనెసిస్ 8 చేతులను ఏటవాలుగా క్రిందికి దించి నిలుచును. దించిన చేతులకు కుట్టిన రవికె చాచిన చేతులకు ఎట్లు పట్టును? దర్జీ నడిగిన ఒక్క మాటలో చెప్పును.

అట్లయిన ముఖమునే క్రొత్త బొమ్మకు మార్చరాదా అని ఆ పిల్ల తండ్రిగా రడిగిరి. మంచి ప్రశ్నయే. కాని ముఖమును దిద్దిన ప్రతి సవరణయు ఆ బొమ్మ వలలోని బిందువులకే చెందియుండును. వేరొక వలలో బిందువుల లెక్కయు వరుసయు వేరు గనుక, ఆ సవరణలు నేరుగా అక్కడికి పోవు. నాయనమ్మ కన్నులను మరల మొదటినుండి వెదకవలసి యుండును.

ఇక ప్రోగ్రాములోనే ఆటోఫిట్ అను సాధనము కలదు. "ఈ వస్త్రము ఎవరికై చేయబడినది?" అని అది యడుగును. క్రొత్త బొమ్మలో పాత బొమ్మ ఆకారము మరుగున దాచబడి యుండును. దానిని క్లోన్ అందురు. క్రొత్త బొమ్మ క్షణకాలము పాతదాని రూపు దాల్చి, ఆ వస్త్రమును ధరించి, మరల తన రూపునకు వచ్చును. వస్త్రము వెంట సాగివచ్చును. చాల తెలివైన యుపాయము. అయితే సాధారణముగా క్లోన్లు క్రొత్త బొమ్మలలోనే పాతవారివి పెట్టబడును. పాత బొమ్మ పుట్టిన నాటికి తరువాతి బొమ్మ లేదు గదా! పిమ్మటనైనను పెట్టవచ్చును గాని, అమ్మువాడు క్రొత్త బొమ్మను కొనుమనునే గాని పాతదాని కొరకు శ్రమపడునా? వ్యాపారులను ఇందుకు నిందింపను.

కాబట్టి దారిని వెనుకనుండి నడిచితిమి. మొదట జెనెసిస్ 8 బొమ్మకే చీర కట్టించితిమి. పిమ్మట ఆ బొమ్మ చేతులను అడ్డముగా ఎత్తి, ఎత్తును, భుజములను, నడుమును కొంచెము కొంచెముగా సవరించి, పాత బొమ్మకు వీలైనంత దగ్గరగా తెచ్చితిమి. చీరయు దానితో మారెను. అట్లు మారిన చీరను మాత్రము, ఎముకలు లేని వట్టి ఆకారముగా, వేరు ఫైలులో భద్రపరచి, పాత బొమ్మ యున్న చోటికి తెచ్చితిమి. ట్రాన్స్‌ఫర్ యుటిలిటీ అను సాధనము పాత బొమ్మ యెముకలను, వాని పేర్లను, వెయిట్లను చీరకు నకలు తీసి యిచ్చెను. ఇప్పుడు హాజరు పిలువగా అందరును పలికిరి. ఆమె దిద్దిన వంగిన నడుమునకు సహితము చీర తానే వంగెను.

అయినను కుచ్చిళ్లు మధ్యకు చీలెను. చీరలోని ప్రతి బిందువు తనకు దగ్గరనున్న కాలి వెయిటును గైకొనును గనుక, సగము కుడికాలి వెంట, సగము ఎడమకాలి వెంట పోయెను. చీర ప్యాంటువలె అగుపడుట చూచి గదిలోని పిల్లలందరును నవ్విరి, నేనును నవ్వితిని. పొడుగు గౌనులకై యేర్పడిన నమూనా ఆ సాధనములోనే కలదు. దానిని ఎన్నుకొని మరల చేయగా రెండు కాళ్ల పాలును నడుమ కలిసిపోయి చీలిక మానెను. పైటకు మాత్రము డీఫోర్స్ అను సాధనమును వాడితిమి. అది 2017లో వచ్చినది. బట్ట తన బరువుచే జారి పడుటను లెక్కకట్టి చూపును. దానికి బొమ్మ ఏ తరమునకు చెందినదను పట్టింపు లేదు, శరీరము అడ్డముగా నున్నదని తెలిసిన చాలును.

గాజుల కథ వేరు. వానిని చీర వలెనే అమర్పబోగా గ్రుడ్డు ఆకారమునకు సాగెను. బంగారము సాగరాదు గదా! బొత్తాములకు, చెప్పులకు కూడ ఇట్టి దుర్గతియే పట్టును. అట్టివానిని వస్త్రముగా తొడుగక, ఒక్క యెముకకు కట్టివేయవలెను. గాజులను ముంజేతి యెముకకు కట్టగా గుండ్రముగా నిలిచెను.

ఆ చిత్రమిప్పుడు వారి యింట ఛాయాచిత్రము ప్రక్కనే యున్నది. ఎడమ మడమ దగ్గర చీర అంచు పాదములోనికి కొంచెము దిగియున్నది. నాయనమ్మ చీర ఎప్పుడును నేలను రాయునట్లు కట్టలేదని తల్లి చెప్పినదట. వేసవి సెలవులలో అంచును పైకి ఎత్తెదనని ఆ పిల్ల నాతో చెప్పినది.