నడుం పట్టేస్తే... పట్టించుకునేదెవరు?

కొండ మీద అనంత పద్మనాభస్వామి. కొండ కింద కుంతీమాధవస్వామి. మధ్యలో వెయ్యికి పైగా మెట్లు. విశాఖ జిల్లా పద్మనాభంలో కార్తీక అమావాస్య నాడు ఆ మెట్లన్నీ దీపాలతో వెలిగిపోతాయి. చిన్నప్పుడు ఒక్క ఊపులో పైకి పరిగెత్తినవాళ్లే, నలభై దాటేసరికి కింద నుంచే దణ్ణం పెట్టుకుని వెనుదిరుగుతుంటారు. భక్తి తగ్గి కాదు... నడుం ఒప్పుకోక!

ఉభాల రోజుల్లో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా వంగి నాట్లు వేసే ఆడవాళ్లు, తలమీద గమేళాతో ఇసుక మోసే కూలీలు, గతుకుల రోడ్ల మీద ఆటో తోలేవాళ్లు... అందరి మాటా ఒకటే. ‘నడుం పట్టేసింది’. ఆ తర్వాత ఏం చేస్తారు? ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత తన్నించుకుంటారు. తైలం రాయించుకుంటారు. మందుల షాపులో మాత్ర అడిగి వేసుకుంటారు. రోజూ మింగితే ఆ మాత్రే కడుపుకీ కిడ్నీలకీ చేటు తెస్తుంది.

ఇది ఒక్క పద్మనాభం బాధే కాదు. 2020లో ప్రపంచవ్యాప్తంగా 61.9 కోట్ల మంది నడుం నొప్పితో బాధపడ్డారని 2023లో వెలువడిన అధ్యయనం లెక్కగట్టింది. 2050 నాటికి ఆ సంఖ్య 84.3 కోట్లకు చేరుతుందని అంచనా. మనుషుల్ని పనికి దూరం చేసే సమస్యల్లో దీనిదే మొదటి స్థానం.

మంచం కాదు... నడకే మందు

నూటికి తొంభై మందిలో ఈ నొప్పికి ఫలానా ఎముకో, ఫలానా డిస్కో కారణమని చెప్పడం కష్టం. అంటే భయపడాల్సిన జబ్బు లేనట్టే. అయినా చాలామంది ‘కదిలితే ఇంకా పాడవుతుంది’ అనుకుని మంచం ఎక్కేస్తారు. కండరాలు బలహీనపడి నొప్పి ఇంకా ముదురుతుంది.

దీర్ఘకాలిక నడుం నొప్పి మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో మార్గదర్శకాలు విడుదల చేసింది. రోగికి సమస్యను వివరించి చెప్పడం, వ్యాయామం చేయించడం ముఖ్యమంది. నడుముకి బెల్టులు, బరువులు కట్టి లాగే ట్రాక్షన్ వంటివి మామూలుగా వాడొద్దంది. ఆస్ట్రేలియాలో 701 మందితో చేసిన పరిశోధన ఫలితాలు 2024లో వచ్చాయి. నొప్పి తగ్గాక ఫిజియోథెరపిస్టు సలహాతో క్రమంగా నడక పెంచుకున్నవారిలో సగం మందికి 208 రోజుల దాకా నొప్పి తిరగబెట్టలేదు. ఏమీ చేయనివారిలో అది 112 రోజులే!

దారి ఖర్చే భారం

మరి ఆ వ్యాయామం నేర్పేదెవరు? ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు, నర్సులు, ఫార్మసిస్టు ఉంటారు. ఫిజియోథెరపిస్టు మాత్రం సాధారణంగా ఉండరు. కావాలంటే విజయనగరమో, విశాఖలో 1923 నుంచి సేవలందిస్తున్న కేజీహెచ్‌కో వెళ్లాలి. ఒక్కసారితో అయ్యేది కాదు, వారాల తరబడి తిరగాలి. వెళ్లిన రోజల్లా కూలీ పోతుంది. పైన బస్సు, ఆటో చార్జీలు. వెంట ఒక మనిషి. రెండు మూడుసార్లు వెళ్లి, కాస్త తగ్గగానే మానేస్తారు. నాట్లు వచ్చేసరికి నొప్పి మళ్లీ హాజరు!

దీనికి కొత్తగా కనిపెట్టాల్సిన మందేమీ లేదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలకు ఫిజియోథెరపిస్టు వచ్చే ఏర్పాటు మన రాష్ట్రంలో ఉన్నదే. అదే పద్ధతిలో వారానికో రోజు ఆరోగ్య కేంద్రానికీ వస్తే పెద్దలకీ మేలు. ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. ఓ చాప, ఓ కుర్చీ, నేర్పే మనిషి చాలు. నేర్చుకున్నది ఇంట్లో చేస్తున్నారో లేదో ఆశా కార్యకర్త అడుగుతూ ఉంటే సగం పని అయిపోయినట్టే. బ్రిటన్‌లో నడుం నొప్పితో స్థానిక క్లినిక్‌కి వచ్చినవారిని, చాలాచోట్ల ముందుగా ఫిజియోథెరపిస్టే చూస్తున్నారు. మన దగ్గర 2021లో వచ్చిన చట్టం ఫిజియోథెరపీతో సహా అనుబంధ వైద్య వృత్తులకు జాతీయ కమిషన్ ఏర్పాటుకు వీలు కల్పించింది. చదువుకి గుర్తింపు దొరికింది... ఇక సేవ పల్లెకి చేరాలి.

ఆలస్యం చేయకూడదు!

కాళ్లు బలం కోల్పోయినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మలమూత్రాల మీద పట్టు తప్పినా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. నొప్పితోపాటు జ్వరం వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా, కిందపడ్డాక నొప్పి మొదలైనా డాక్టరుకి చూపించాలి.

మిగతావాళ్లు ఇవాళ ఇంటి చుట్టూ, రేపు వీధి చివరి దాకా నడవొచ్చు. పదిమందికీ ఆ ధైర్యం చెప్పే మనిషి ఊళ్లోకి వస్తే, వచ్చే దీపాల పండగకి మెట్ల మీద ఇంకొన్ని దీపాలు వెలుగుతాయి.