ధ్వని ఫైలును ఏ ప్లేయరు తెరువవలెను?

ప్రసారము ముగిసిన పిదప ప్రసంగమును మరల వినగోరు వారి కొరకు దాని ధ్వనిముద్రణను ఫైలుగా ఇంటర్నెట్టులో ఉంచుట నేడు వాడుకయైనది. ఆ ఫైలు లంకెపై నొక్కినంతనే స్వరము వినబడవలెను. కాని అందరి యిండ్లలోను ఒకే తీరుగా జరుగుట లేదు. ఒకరి యింట బ్రౌజరు కిటికీలోనే ప్రసంగము సాగును. వేరొకరి యింట ఎన్నడో స్థాపించి మరచిన ప్లేయరు తెరచుకొనును. మూడవవారి యింట మాట వినబడదు. ఫైలు మాత్రము మౌనముగా కంప్యూటరులో చేరి కూర్చుండును.

ఈ మూడవవారే మాకు ఎక్కువగా జాబులు వ్రాయుదురు. మీ ఫైలు చెడినదని కొందరు, మా కంప్యూటరు చెడినదని కొందరు. పెక్కు సందర్భములలో రెండును చెడలేదు. ఫైలును ఎవరికి అప్పగింపవలెనన్న నిర్ణయములోనే చిక్కు వచ్చినది. ఆ నిర్ణయము ఎక్కడ జరుగునో తెలిసినచో సవరించుట కష్టము కాదు.

రైల్వే పార్సెలు ఆఫీసులో పెట్టెలు దించువాడు ఒక్కొక్క పెట్టెను విప్పి చూడడు. పైన అంటించిన చీటీని చదువును. గాజు సామాను అని యున్నచో మెల్లగా దించును. ఇంటర్నెట్టులోను ఇట్టి చీటీ కలదు. ఫైలును పంపు సర్వరు, దానికి ముందుగా, ఇది ఏ జాతి వస్తువో తెలుపు ఒక మాటను పంపును. దీనిని మైమ్ టైపు అందురు. 1992లో నథానియల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ అనువారు ఈ పద్ధతిని రూపొందించినది ఈ-మెయిలు కొరకు. అక్షరములతోపాటు చిత్రములను, ధ్వనులను గూడ ఉత్తరములో పంపవలెనన్నది వారి ఉద్దేశము. తరువాత వెబ్ ఈ పద్ధతినే స్వీకరించినది. ఎం.పి.3 ఫైలుకు ఏర్పడిన చీటీ 'ఆడియో/ఎంపెగ్'.

చీటీని చదివిన బ్రౌజరు మొదట తన్ను తానే ప్రశ్నించుకొనును: దీనిని నేనే వినిపింపగలనా? వినిపింపగలిగినచో వేరొకరిని పిలువదు. పూర్వము ఇట్లు కాదు. 1995లో రియల్‌ఆడియో వచ్చిన నాటి నుండి చాలకాలము బ్రౌజరుకు ధ్వనిని వినిపించుటకు ప్లగిన్ అను అదనపు భాగము కావలసి యుండెను. ఒక ప్లేయరును స్థాపించినచో అది తక్కిన ప్లేయర్ల పనినంతటిని తనకే వ్రాయించుకొనుట కద్దు. 2014లో హెచ్.టి.ఎం.ఎల్.5 ప్రమాణముగా వెలువడినది. బ్రౌజరు తానే ధ్వనిని వినిపించుటకు దానిలో ఏర్పాటు కలదు. పాత తరహా ప్లగిన్లను క్రోమ్ 2015లోను, ఫైర్‌ఫాక్స్ 2017లోను విడిచిపెట్టినవి. ఫైర్‌ఫాక్స్ ఫ్లాష్ ఒక్కదానిని మరి కొంతకాలము ఉంచినది. కావున ఫలానా ప్లగిన్ పెట్టుకొనుడని చెప్పు పాత సలహాలు ఇప్పుడు పనికిరావు.

బ్రౌజరు తాను వినిపింపలేని ఫైలును దాచును, లేదా ఏమి చేయవలెనని అడుగును. దాచిన ఫైలును మీరు తెరచునప్పుడు నిర్ణయము ఆపరేటింగ్ సిస్టముది. విండోస్ చీటీని చూడదు. ఫైలు పేరు చివర చుక్క తరువాత ఉన్న అక్షరములను చూచును. వీధిలో చీటీ మాట చెల్లును, ఇంటిలో పేరు తోక మాట చెల్లును. ఈ భేదమును మరచుటయే పెక్కు తికమకలకు మూలము.

ఇక సవరణ. బ్రౌజరులో గాక మీకు నచ్చిన ప్లేయరులోనే వినదలచినచో, లంకెపై మౌసు కుడి మీట నొక్కి ఫైలును దాచుకొని, ఆ ప్లేయరుతో తెరువుడు. దాచిన ఫైలు తగని ప్లేయరులో తెరచుకొనుచున్నచో, విండోస్ 11 సెట్టింగ్సులో యాప్స్, అందులో డిఫాల్ట్ యాప్స్ అను చోటికి పోయి, చుక్క పెట్టి ఎం.పి.3 అని ఇంగ్లీషులో వ్రాసి, కోరిన ప్లేయరును ఎన్నుకొనుడు. మాక్‌లో ఫైలుపై గెట్ ఇన్ఫో తెరచి, ఓపెన్ విత్ క్రింద ప్లేయరును చూపి, ఛేంజ్ ఆల్ నొక్కవలెను. బ్రౌజరు తాను వినిపింపలేని జాతుల విషయమున, ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్సులోని అప్లికేషన్స్ పట్టికలో ఒక్కొక్క జాతికి ఏమి చేయవలెనో మీరే నిర్ణయింపవచ్చును.

పేరు తోకను మార్చినంత మాత్రమున ఫైలు లోపలి పదార్థము మారదని గూడ గుర్తుంచుకొనవలెను.

శ్రోత ఎంత సవరించినను లాభము లేని సందర్భము ఒకటి కలదు. ఒకమారు మేము ఉంచిన ప్రసంగములు ఎవరి బ్రౌజరులోను మ్రోగక అందరి యిండ్లలోను దాచబడుచుండెను. విచారింపగా మా సర్వరు వాటికి 'అప్లికేషన్/ఆక్టెట్-స్ట్రీమ్' అను చీటీని అంటించుచున్నది. ఏదో సామాను, ఏమిటో తెలియదు అని దాని భావము. చీటీని సరిచేయుటకు ఒక్క పంక్తి చాలినది. కాని అంతలోపల ఎందరో శ్రోతలు తమ కంప్యూటరులో లేని లోపమును వెదకి అలసిరి. కావున ఒక ఫైలు మ్రోగనప్పుడు వేరొక చోటి ఫైలును నొక్కి చూడుడు. అది మ్రోగినచో తప్పు బహుశః మీది కాదు, మాకు వ్రాయుడు.

ఇదంతయు చిన్న విషయమని తోచవచ్చును. కాని ఫైలు మ్రోగనప్పుడు తెరపై ఏదో ప్రకటన కనబడి, ఈ ప్లేయరును స్థాపించినగాని వినబడదని చెప్పును. తొందరలో దానిని నొక్కినవారి కంప్యూటరులోనికి ప్లేయరు పేరిట హానికరమైన ప్రోగ్రాము ప్రవేశింపవచ్చును. నిజముగా వేరొక ప్లేయరు కావలసినచో వి.ఎల్.సి. వంటి ఉచితమైన దానిని, తయారుచేసిన వారి స్వంత చోటినుండియే తెచ్చుకొనుట క్షేమము.

మరియొక మాట. కన్నులు కనబడని శ్రోత తన చేతివ్రేళ్ళకు అలవడిన మీటలు గల ప్లేయరునే కోరును. వినికిడి తగ్గిన పెద్దవారు ప్రసంగమును మెల్లగా నడపగల దానిని కోరుదురు. వేరొక ప్రోగ్రాము వారి అనుమతి లేక ఆ స్థానమును ఆక్రమించినచో వారికి ప్రసంగమే దూరమగును. ఇంటిలోని పిన్నలు అయిదు నిమిషములు కూర్చుండి పై యేర్పాటును సరిచూచినచో, ఆ పెద్దలు ఎవరినీ పిలువనక్కరలేక తమంత తామే వినగలరు.