సైకిలుయాత్ర – స్త్రీలు

హైదరాబాదునందలి తార్నాక కూడలినుండి ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణములోనికి తెల్లవారుజామున ప్రవేశించినచో, చెట్ల క్రింద వ్యాయామమునకై నడచు స్త్రీలనేకులు కానవత్తురు. సైకిలు త్రొక్కు గృహిణి మాత్రము అరుదు. బాల్యమున బడికి సైకిలుపై పోయినవారే వివాహానంతరము దానిని విడిచిపెట్టుదురు. “ఈ వయసున మనకేల? కాళ్ళలో సత్తువ యెక్కడిది?” అని యందురు. సోదరీమణులారా! ఈ ప్రశ్నకు ఫ్రాంసుదేశపు కొండదారులలో నూఱేండ్లకు పూర్వమే ప్రత్యుత్తరము లభించినది.

ఆ దేశమున సైకిలు పందెములకే గాక, తీరికగా ఊరూరు చూచుటకును సాధనము. లువారు నదిని అనుసరించి సముద్రమువఱకు సుమారు 900 కిలోమీటర్ల సైకిలుబాట కలదు. తులూజు పట్టణమునుండి దక్షిణసముద్రపు వైపునకు పోవు మిదీ కాలువ 240 కిలోమీటర్ల పొడవు గలది. దాని గట్టువెంటను సైకిలుయాత్రికులు పోవుదురు. ద్రాక్షతోటలు, పాతకోటలు, పల్లెసంతలు దారిపొడవున తగులుచుండును. 1936లో అచ్చటి కార్మికులకు ఏటేట రెండు వారముల జీతపుసెలవు చట్టముచే లభింపగా, ఎందఱో దంపతులు సైకిళ్ళపైననే దేశము చూడ బయలుదేరిరి.

ఈ యాత్రలకు గురువనదగిన వాడు పోల్ ద వివీ (1853–1930). సెంతెతియన్ పట్టణమున నివసించి, 1887లో సైకిలుపత్రికను స్థాపించి, “వెలోసియో” అను కలము పేరుతో వ్రాసెను. ఒకే సైకిలునకు పలు గేర్లుండవలెనని ఆయన పట్టుబట్టెను. గేరనగా నేమి? కొండపైని గుడికి నిలువు మెట్లెక్కుటకు బదులు చుట్టుబాటను పోవుట వంటిది. కాలు ఎక్కువ మార్లు తిరుగును. కాని ఒక్కొక్క త్రొక్కుడునకు కావలసిన బలము తగ్గును.

1902లో పిరనీసు పర్వతములందు సైకిళ్ళకు పరీక్ష జరిగినది. దారి 240 కిలోమీటర్లు. నడుమ 2,115 మీటర్ల ఎత్తుగల టూర్మలే కనుమ. మార్త్ హెస్ అను స్త్రీ మూడు గేర్ల సైకిలుపై ఆ దారినంతయు నేలపై కాలు మోపకయే దాటెను! మఱుసటి యేట సుప్రసిద్ధమైన ఫ్రాంసు పందెమును నెలకొల్పిన హెన్రీ దెగ్రాంజ్ మాత్రము గేర్లు నలుబదియైదేండ్లు దాటినవారికే తగునని ఎగతాళి చేసెను. 1937 వఱకు ఆ పందెమున గేర్లు మార్చు అమరికకు అనుమతి లేకపోయెను. మనమా యెగతాళిని వరముగా గ్రహింపవచ్చును. నలుబదియైదు దాటినవారికిని తగిన యంత్ర మున్నదని ఆయనయే యొప్పుకొనెను గదా!

వెలోసియో శాకాహారి. యాత్రికులకు ఆయన చేసిన బోధ యిది: ఆకలి కాకమునుపే తినుము, దాహము కాకమునుపే త్రాగుము, మితిమీరి అలయకుము, గొప్పకొఱకు త్రొక్కకుము. ఈ మొదటిమాట మన యిండ్లలో ఎంతమందికి చెల్లుచున్నది? ఇంటిల్లిపాదియు భుజించిన పిదప మిగిలినది తినుట మన ధర్మమనుకొంటిమి. సత్తువ లేకుండుటకు వయసు గాక, ఈ యలవాటే తఱచుగా కారణము. విశ్వవిద్యాలయము స్థాపింపబడిన 1918లోనే కూనూరున బెరిబెరి వ్యాధిపరిశోధనతో ఆరంభమై, తరువాత తార్నాకకు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ, ఇనుము, అయొడిను రెండును కలిపిన ఉప్పును రూపొందించినది. రక్తహీనత మన స్త్రీలలో ఎంత వ్యాపించియున్నదో దానినిబట్టియే ఊహింపవచ్చును. కావున బలహీనముగా నున్నవారు ముందుగా రక్తపరీక్ష చేయించుకొని, వైద్యుల యనుమతిపైననే సైకిలెక్కవలెను.

ఇక అభ్యాసవిషయము. 1939లో ప్రారంభోత్సవము జరిగిన ఆర్ట్స్ కళాశాల రాతిభవనము ముందటి విశాలమైన దారులు ఉదయవేళ ప్రశాంతముగా నుండును. మొదటివారము అరగంట చాలును. సీటుపై కూర్చుండి పాదము పూర్తిగా క్రిందికి దింపినపుడు మోకాలు కొంచెము వంగియుండవలెను. సీటు మఱీ పల్లమైన మోకాలినొప్పి తప్పదు. చీర కొంగు, చున్నీ గొలుసులో పడకుండ బిగించుకొనవలెను. తలకు హెల్మెటు మఱవరాదు. ఎత్తు రాకముందే గేరు తగ్గింపవలెను. సంచిలో నీరు, అరటిపండు, వేరుసెనగ ఉండ పెట్టుకొనవలెను. ఇరుగుపొరుగున నొక తోడు కుదిరినచో సగము భయము తీఱును.

ఈ నగరమునుండి 2019, 2023 సంవత్సరములలో కొందఱు పారిస్–బ్రెస్ట్–పారిస్ యాత్రకు వెళ్ళివచ్చిరి. అది 1,200 కిలోమీటర్లు. గరిష్ఠముగా 90 గంటల గడువు. దానికి అర్హత పొందుటకు ఆ యేటనే 200, 300, 400, 600 కిలోమీటర్ల యాత్రలు ముగింపవలెను. దారిలోని పల్లెవారు ఇంటిముంగిట బల్లలు వేసి, రాత్రివేళలందును యాత్రికులకు కాఫీ, తినుబండారములు ఇత్తురు.

అందఱును అంతదూరము పోనక్కఱలేదు. తార్నాకనుండి ఆర్ట్స్ కళాశాలవఱకు పోయి, తిరిగివచ్చి, ఇంటివారితో పాటు కూర్చుండి వేడివేడిగా ఫలహారము చేసిన గృహిణి వెలోసియో బోధలో మొదటి పాఠము నేర్చినట్లే. తక్కిన దారి ఆమె ముందున్నది.