మందుల చీటీ పొరపాట్లు

ఆసుపత్రిలో వైద్యుడు రోగికి తగిన మందును నిర్ణయించడంలో గాని, ఆ నిర్ణయాన్ని చీటీ మీద లేదా కేసు షీటులో వ్రాయడంలో గాని అనుకోకుండా జరిగే తప్పులను మందుల చీటీ పొరపాట్లు అంటారు. వీటివలన చికిత్స ఫలించకపోవచ్చు, లేదా రోగికి హాని కలగవచ్చు. ఫార్మసిస్టు ఒక మందుకు బదులు మరొకటి ఇవ్వడం, నర్సు వేళ తప్పి ఇవ్వడం తరువాతి దశలలో జరిగే తప్పులు కనుక వాటిని వేరుగా లెక్కిస్తారు. అలాగే, ముందుగా తెలుసుకునే వీలులేని దుష్ఫలితం పొరపాటు క్రిందికి రాదు.

నిర్ణయంలో పొరపాట్లు

* మందు ఎంపిక: పెన్సిలిన్ పడని రోగికి అదే కుటుంబానికి చెందిన అమాక్సిసిలిన్ వ్రాయడం. గర్భిణికి రక్తపోటు తగ్గించడానికి ఎనలాప్రిల్ వ్రాయడం. ఈ మందు గర్భస్థ శిశువు మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.
* మోతాదు: పిల్లలకు మందును బరువును బట్టి లెక్కించాలి. పారాసెటమాల్ సిరప్ 5 మి.లీ.లో 125 మి.గ్రా. మందు ఉన్నదీ, 250 మి.గ్రా. ఉన్నదీ దొరుకుతాయి. చుక్కల మందులోనైతే 1 మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉంటుంది. ఏది వాడాలో చెప్పకుండా "5 మి.లీ." అని మాత్రమే వ్రాస్తే బిడ్డకు 125, 250, 500 మి.గ్రా.లలో ఏదైనా అందవచ్చు.
* వ్యవధి: కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వాడాలి. రోజూ వాడమని వ్రాస్తే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణాపాయం కలుగుతుంది.
* మందుల మధ్య వైరం: రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నవారికి మెట్రోనిడజోల్ కూడా ఇస్తే రక్తస్రావం జరగవచ్చు.

వ్రాతలో పొరపాట్లు

నిర్ణయం సరైనదే అయినా వ్రాత దానిని మార్చివేయవచ్చు. డయజెపామ్ ఆందోళనకు, డిల్టియాజెమ్ గుండెకు సంబంధించినవి. గొలుసుకట్టు వ్రాతలో ఈ రెండు పేర్లూ ఒకేలా కనబడతాయి. దశాంశ బిందువు కనబడకపోతే "5.0" కాస్తా 50 అవుతుంది. ఇన్సులిన్ యూనిట్లకు గుర్తుగా వ్రాసే ఆంగ్ల అక్షరం సున్నాలా కనిపిస్తే 10 యూనిట్లు 100 అవుతాయి. రోజుకొకసారి అనడానికి వ్రాసే "ఓడీ" అనే సంక్షిప్త రూపానికి కంటి వైద్యంలో కుడి కన్ను అనే అర్థం కూడా ఉంది.

కొనసాగింపులో పొరపాట్లు

రోగి ఒక ఆసుపత్రి నుండి మరొక ఆసుపత్రికి మారేటప్పుడు వాడుతున్న మందు జాబితా నుండి జారిపోవడం, లేదా ఒకే మందు రెండు పేర్లతో రెండుసార్లు చేరడం జరుగుతుంది. కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలోని ఆదోని, ఎమ్మిగనూరులలో ఈ రకానికి అవకాశం ఎక్కువ. ఆదోని నుండి కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాల సుమారు 100 కి.మీ. దూరం. కర్ణాటకలోని బళ్ళారి అంతకంటే దగ్గర. అందుచేత ఒకే రోగి చేతిలో మూడు ఊళ్ల చీటీలు ఉండవచ్చు. పైగా ఈ ప్రాంతపు కూలీలు సుగ్గికి, అంటే కోతల కాలపు వలసకు, గుంటూరు మిరప చేలకు వెళతారు. అక్కడి వైద్యునికి పాత చీటీ కనబడకపోవచ్చు.

ఉదాహరణకు మధుమేహానికి వాడే గ్లిమెపిరైడ్‌ను ఒకచోట ఒక వ్యాపార నామంతో, మరొకచోట ఇంకొక నామంతో వ్రాస్తే రోగి రెండింటినీ మ్రింగవచ్చు. వేళకు తిండిలేక ఎండలో పనిచేసే మనిషికి రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పుతుంది. ఇక్కడ ఏ చీటీకి ఆ చీటీ సరైనదే. రెండింటినీ కలిపి చూసినవారు లేకపోవడమే తప్పు.

నివారణ

నల్లగొండ జిల్లా నకిరేకల్‌లో మందుల దుకాణం నడిపే చిలుకూరి పరమాత్మ, చీటీలు స్పష్టంగా ఉండాలని కోరుతూ 2014లో హైదరాబాదు హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశాడు. 2016లో భారత వైద్య మండలి తన నిబంధనలను సవరించి, మందుల జెనెరిక్ పేర్లను స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాలలో వ్రాయాలని పేర్కొన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల వలన కలిగే నివారించదగిన తీవ్ర హానిని అయిదేళ్లలో సగానికి తగ్గించాలని ఒక ప్రపంచవ్యాప్త కార్యక్రమాన్ని ప్రారంభించింది.

కంప్యూటరు చీటీ చేతివ్రాత సమస్యను తీరుస్తుంది. అయితే జాబితాలో ప్రక్క పేరును ఎంచుకోవడం వంటి కొత్త పొరపాటుకు తావిస్తుంది. చేరేటప్పుడు, వార్డు మారేటప్పుడు, ఇంటికి పంపేటప్పుడు పాత, కొత్త జాబితాలను సరిపోల్చడం ఆసుపత్రి బాధ్యత. వాడుతున్న మందుల అట్టలన్నీ ఒకే సంచిలో వేసి వైద్యునికి చూపడం, పడని మందు పేరు చెప్పడం రోగి బంధువులు చేయగల సహాయం. మందు వలన కలిగిన హానిని భారత ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమపు ఉచిత ఫోను 1800-180-3024 ద్వారా తెలుపవచ్చు.