గోడ మీద ఓటు

గత ఏడాది ఆగస్టు మొదట్లో మా క్లబ్ మీటింగ్. ఆగస్టు 29 గిడుగు రామమూర్తి గారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. ఆ రోజు ఏం చేద్దామని చర్చ. ఫైనలియర్ అన్న ఒకరు "కవి సమ్మేళనం పెడదాం, ఓకేనా?" అన్నారు. ముందు వరసలో చేతులు లేచాయి. వాటిని చూసి వెనక వరసలోనూ లేచాయి. నాదీ లేచింది. నిజానికి నా మనసులో వేరే ఐడియా ఉంది. కానీ చదివిందంతా ఇంగ్లీష్ మీడియం, నలుగురిలో తెలుగులో మాట్లాడితే ఎక్కడ తప్పు దొర్లుతుందోనని నోరు విప్పలేదు.

తప్పు అన్నది కాదు, పద్ధతిది. 1950ల్లో సాలమన్ ఆష్ అనే సైకాలజిస్టు అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. గీతల్లో ఏది ఏ పొడవుందో చెప్పాలి, అంతే. చుట్టూ ఉన్నవాళ్ళు కావాలనే తప్పు జవాబు చెబితే, చాలామంది కనీసం ఒక్కసారైనా వాళ్ళతో గొంతు కలిపారు. అదే జవాబుని పైకి చెప్పకుండా కాగితం మీద రాయమంటే ఈ 'గొర్రెదాటు' బాగా తగ్గింది.

అందుకే ఈ ఏడాది మేము కాగితాలతో ఓటింగ్ పెట్టాం. కెనడాకి చెందిన జేసన్ డైస్‌మన్ 'డాట్‌మోక్రసీ' పేరుతో ప్రచారం చేసిన పద్ధతి ఇది. ఒక్కో ఐడియాకి ఒక్కో షీటు. పైన ఐడియా పెద్ద అక్షరాల్లో. కింద గడులు: గట్టిగా ఒప్పుకుంటాను, ఒప్పుకుంటాను, మధ్యస్థం, ఒప్పుకోను, అస్సలు ఒప్పుకోను, అర్థం కాలేదు. ఒక్కో షీటు మీద ఒక్కొక్కరు ఒకే చుక్క నింపాలి. దాని కింద కామెంట్లకి చోటు, చివర సంతకాలు. చుక్కలూ సంతకాలూ లెక్క సరిపోవాలి. మా సీఎస్ఈ భాషలో చెప్పాలంటే చెక్‌సమ్ అన్నమాట!

"తలా మూడు బొట్టుబిళ్ళలు ఇచ్చి నచ్చినవాటి మీద అంటించమంటే సరిపోదా?" అని ఒక అక్క అడిగింది. అందులో ఒక చిక్కుంది. 'కవి సమ్మేళనం', 'కవితా సాయంత్రం' అని ఒకేలాంటి ఐడియాలు రెండుంటే ఓట్లు చీలిపోయి రెండూ ఓడిపోవచ్చు. షీటు షీటుకీ విడిగా అభిప్రాయం అడిగితే ఆ గొడవ ఉండదు.

అసలు పని గది సర్దడంలో ఉంది. మేము నేర్చుకున్నవి ఇవి:

బెంచీలు మధ్యలోకి జరిపి గోడలు ఖాళీ చేయండి. షీట్లు అందరికీ అందే ఎత్తులో, షీటుకీ షీటుకీ మధ్య ఒక మనిషి నిలబడేంత దూరంలో అంటించండి. పక్కపక్కనే పెడితే భుజం మీదుగా చూసి ఓటేస్తారు.

మాస్కింగ్ టేప్ వాడండి. మామూలు టేప్ పీకితే గోడ రంగు కూడా ఊడొస్తుంది, ఆ తర్వాత హెచ్ఓడీ గారికి మీరే సమాధానం చెప్పుకోవాలి. షీటుకి నాలుగు మూలలా టేప్ వేయండి. మేము పైన రెండు మూలలకే వేశాం, ఫ్యాన్ వేయగానే ఐడియాలన్నీ ఎగిరాయి.

ప్రతి షీటు దగ్గరా దారంతో ఒక పెన్ను కట్టండి. అన్నీ ఒకే రంగువి అయితే ఏ చుక్క ఎవరిదో తెలియదు.

షీటు మీద ఐడియా ఎవరిదో రాయొద్దు. సీనియర్ పేరు కనిపిస్తే జూనియర్ చెయ్యి తడబడుతుంది.

అందరినీ గుమ్మం దగ్గర నుంచే మొదలుపెట్టనివ్వకండి. ఒక్కొక్కరిని ఒక్కో షీటు దగ్గరికి పంపండి. లేకపోతే మొదటి షీటు దగ్గర క్యూ, చివరి షీటు దగ్గర ఎవరూ ఉండరు.

ఇదేమీ పూర్తి రహస్య ఓటు కాదు. ముందువాళ్ళు నింపిన చుక్కలు కనిపిస్తూనే ఉంటాయి. కానీ అందరి ముందూ చెయ్యెత్తడం కంటే చాలా నయం.

ఈసారి నా ఐడియా కూడా గోడెక్కింది: 'మా ఊరి మాట', అంటే ఎవరి ఊళ్ళో వాడే మాటలు వాళ్ళు రాసే బోర్డు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు గారి రోజున ఇంతకంటే ఏం కావాలి? దానికి 'అర్థం కాలేదు' చుక్కలు నాలుగు పడ్డాయి. గెలవలేదు, రెండో స్థానం. కానీ కామెంట్ల చోటులో ఎవరో "మేం సొరకాయ అంటాం" అని రాశారు. దాని కింద ఇంకొకరు "మా ఇంట్లో ఆనపకాయ" అని రాశారు. షీటు నిండిపోయి మార్జిన్లలోకి కూడా మాటలు పాకాయి. బోర్డు పెట్టకముందే బోర్డు మొదలైపోయింది.

ఆ షీటు నా దగ్గరే దాచుకున్నాను. అందులో ఉన్న చేతిరాతల్లో సగం, మీటింగుల్లో నేనెప్పుడూ గొంతు వినని వాళ్ళవి. వచ్చే మీటింగుకి మాస్కింగ్ టేప్ నేనే తెస్తాను. వెనక వరసలో కూర్చునేవాళ్ళు తప్పకుండా రండి.