ప్రైవేటు క్రెడిట్ ఫండ్లు: వడ్డీ సరే, అసలు మాటేమిటి?

సీజను ముగిసి, సరకు అమ్ముడై రొక్కం చేతికి వచ్చిన వర్తకుడికి దానిని ఎక్కడ తిప్పాలన్నది పాత ప్రశ్నే. తెలిసిన పార్టీకి ప్రోనోటు మీద ఇవ్వడం, బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్ వేయడం అలవాటైన దారులు. ఇప్పుడు మూడో దారిగా ప్రైవేటు క్రెడిట్ ఫండ్లు ముందుకు వచ్చాయి. మూడు నెలలకోసారి రాబడి, బ్యాంకును మించిన వడ్డీ వీటి ఆకర్షణ.

ఈ ఫండ్లు పలువురి సొమ్మును ఒకచోట చేర్చి కంపెనీలకు అప్పు ఇస్తాయి. బ్యాంకులు చేయి చాచని చోటే వీటికి గిరాకీ. బిల్డర్లు స్థలం కొనడానికి బ్యాంకులు అప్పు ఇవ్వరాదన్న నిబంధన ఇందుకు ఒక ఉదాహరణ. అవసరం గట్టిది, రిస్కు ఎక్కువ కనుకనే వడ్డీ హెచ్చు. భూమి, షేర్లు, ప్రమోటర్ల హామీ వంటివి తాకట్టుగా తీసుకుంటారు.

నిబంధనలు

సెబీ 2012లో చేసిన ఆల్టర్నేటివ్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్ల నిబంధనల కింద ఇవి ఎక్కువగా రెండో కేటగిరీలో రిజిస్టరవుతాయి. అక్రెడిటెడ్ ఇన్వెస్టర్లను మినహాయిస్తే కనీస మదుపు 1 కోటి రూపాయలు. గడువు 3 ఏళ్లకు తగ్గరాదు. సాధారణ పథకాలలో ఒకే కంపెనీకి 25 శాతానికి మించి ఇవ్వరాదు. బ్యాంకు డిపాజిట్లకున్న 5 లక్షల రూపాయల బీమా వీటికి లేదు.

లెక్క ఇలా ఉంటుంది

ఉదాహరణకు 1 కోటి మీద ఏడాదికి 14 శాతం వడ్డీ వచ్చిందనుకుందాం. అంటే 14 లక్షలు. నిర్వహణ రుసుము 2 శాతం, దానిపై 18 శాతం జీఎస్‌టీ కలిపి 2,36,000 పోగా మిగిలేది 11,64,000. మూడు నెలలకు 2,91,000. ఇందులో 10 శాతం టీడీఎస్ 29,100 పోగా చేతికి వచ్చేది 2,61,900. వడ్డీపై పన్ను మదుపుదారు స్లాబు ప్రకారం పడుతుంది కనుక, 30 శాతం స్లాబులో ఉన్నవారు మిగతాది తర్వాత కట్టుకోవాలి.

అదే ఫండు 10 లక్షల చొప్పున 10 ఖాతాలకు అప్పు ఇచ్చి, ఒక ఖాతా పూర్తిగా మునిగితే దాదాపు ఏడాది రాబడి తుడిచిపెట్టుకుపోయినట్టే. చేతికి వచ్చిన ప్రతి విడతలో వడ్డీ ఎంత, అసలు ఎంత అన్నది విడదీసి చూసుకోవడం అవసరం. అసలు తిరిగి వస్తుంటే దానిని ఆదాయమని ఖర్చు పెట్టరాదు.

గత అనుభవాలు

2018 సెప్టెంబరులో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ చెల్లింపులు తప్పినపుడు, అంతకు కొద్ది వారాల ముందు వరకు దాని పత్రాలకు అత్యున్నత రేటింగే ఉంది. 2020 ఏప్రిల్ 23న ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ మ్యూచువల్ ఫండ్ తన 6 రుణ పథకాలను మూసివేసింది. తర్వాత మదుపుదారులకు సొమ్ము విడతల వారీగా వచ్చింది. కాని అవసరమైన రోజున రాలేదు. మ్యూచువల్ ఫండుకే అలా జరిగితే, గడువు దాకా తలుపు తీయని ఫండ్ల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

పాత బాకీని కొత్త అప్పుతో తీర్చి ఖాతా మంచిదని చూపడం, అంటే నోటు తిరగరాయడం, వర్తకులకు తెలియనిది కాదు. ఈ పనికి ఫండ్లను వాడుకుంటున్నారన్న అనుమానంతోనే 2023 డిసెంబరు 19న రిజర్వు బ్యాంకు, తమ బాకీదార్లలో మదుపు చేసిన ఫండ్లలో సొమ్ము పెట్టకుండా బ్యాంకులను, ఫైనాన్సు కంపెనీలను కట్టడి చేసింది. ఆ ఆంక్షలు తర్వాత కొంత సడలాయి.

అడగవలసినవి

ఇంతకు ముందు పథకాలలో ఎన్ని ఖాతాలు మొండిబకాయిలయ్యాయి? వాటిలో ఎంత వసూలైంది? తాకట్టు మీద మొదటి హక్కు ఎవరిది? దాని విలువ ఎవరు కట్టారు? ఫండు అమ్మిపెట్టే ఏజెంటుకు దలాలీ ఎంత? వీటికి రాతపూర్వకంగా జవాబు రాని చోట సొమ్ము పెట్టకపోవడం మేలు.

సరకు కొనుగోలుకు తిప్పే పెట్టుబడిని ఇందులోకి మళ్లిస్తే, మిర్చి, పసుపు యార్డుకు వచ్చే వేళకు చేతిలో రొక్కం ఉండదు. కనీసం 5 ఏళ్లు కదిలించే పని లేని మిగులులో ఒక భాగానికే ఈ ఫండ్లు తగినవి.