మల్లెపొదకు నీళ్ళెందుకు మానాలి?

కార్తీకం చివరి వారంలో ఒక పొద్దున్న, మా పై వాటాలో కొత్తగా దిగిన అమ్మాయి చీపురు పట్టుకుని పెరట్లోకి వచ్చింది. ఇది ఆకులు రాలే కాలం కాబట్టి తోటంతా ఊడ్చి, వసంతానికి సిద్ధం చేసి పెట్టుకోవాలని ఏదో వీడియోలో చూసిందట. మా పెరట్లో ఊడవడానికి ఏమీ లేదు. వేపచెట్టు నిండు పచ్చగా నిలబడి ఉంది. నందివర్ధనం, కరివేపాకు, మామిడి, ఏదీ ఆకు రాల్చే ఆలోచనలో లేదు. ఆ అమ్మాయి చీపురు గోడకి ఆనించి చుట్టూ చూసింది.

"బాబాయ్‌గారూ, మల్లె ఒక్కటీ వాడిపోతోంది. నీళ్ళు పోయడం మర్చిపోయినట్టున్నారు."

"మర్చిపోలేదమ్మా. మానేశాను."

ఆ అమ్మాయి మొహంలో జాలి కనిపించింది. మొక్క మీదో నా మీదో తెలియలేదు.

ముందు ఆకుల సంగతి తేల్చేద్దాం. ఇంగ్లీషువాళ్ళ ఆటమ్‌కి ఎవరో ఆకురాలు కాలం అని తెలుగు చేశారు, అది అలాగే స్థిరపడిపోయింది. మన లెక్కలో ఆశ్వయుజ కార్తీకాలు శరత్తు. ఆకులు రాలేది శిశిరంలో, అంటే మాఘ ఫాల్గుణాల్లో. చలిదేశాల్లో నేలలో నీరు గడ్డకడితే వేళ్ళు దాన్ని పీల్చుకోలేవు. ఆకులుంటే ఉన్న తేమ కూడా వాటి గుండా పోతుంది. అందుకని చెట్టు ముందే దులిపేసుకుంటుంది. మన వేపకి డిసెంబరులో ఆ గండం లేదు. దాని గండం ఎండాకాలం, అందుకే ఉగాదికి కాస్త ముందు పాత ఆకు రాల్చి కొత్త చిగురు తొడుక్కుంటుంది.

చికాగోలో ఉన్న మా మేనకోడలు అక్టోబరులో ట్యూలిప్ దుంపలు పాతుతుంది. 12 నుంచి 16 వారాలు చలిలో పడి ఉంటే గాని వాటికి పువ్వు రాదు. ఆ చలి మన దగ్గర ఫ్రిజ్‌లో తప్ప దొరకదు. మన పెరటి మొక్కల్లో చాలావాటిని ఎదుగుదల ఆపి పూతకి మళ్ళించేది వానలు వెనుదిరిగాక మెల్లగా ఆరే నేల. బత్తాయి, నిమ్మ రైతులకి ఇది బాగా తెలుసు. వాళ్ళ భాషలో దాని పేరు "వాడు పెట్టడం". పూతకి ముందు కొన్ని వారాలు తోటకి నీళ్ళు ఆపేస్తారు. తేలిక నేలల్లో తక్కువ రోజులు, తేమ నిలిచే నల్లరేగడిలో ఎక్కువ రోజులు. ఆకు వాడి కొంత రాలాక పాదులు చేసి, ఎరువేసి, నీళ్ళు వదులుతారు. దాంతో తోటంతా ఒక్కసారిగా పూతకొస్తుంది.

"మరి మల్లె?" అంది.

మల్లెపువ్వు కొత్త రెమ్మ చివర పూస్తుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే మిగతాదంతా దానంతట అదే అర్థమవుతుంది. వానాకాలమంతా తాగిన నీళ్ళతో పొద సాగి, కొమ్మ మీద కొమ్మ పడి, లోపల చీకటిగా తయారవుతుంది. ఇప్పుడు కూడా నీళ్ళు పోస్తూ పోతే చలిలోనే అక్కడో చిగురు ఇక్కడో చిగురు వేస్తూ ఉన్న బలమంతా చిల్లరగా ఖర్చు చేసేస్తుంది. మార్చిలో రోజుకి గుప్పెడు పూలు పూస్తే గొప్ప. జడ మాట అటుంచి దేవుడి పటానికే చాలవు.

నీళ్ళు తగ్గగానే ముందు ఆగేది ఎదుగుదల. ఆకు మాత్రం మరికొన్నాళ్ళు ఎండలో పిండిపదార్థం తయారు చేస్తూనే ఉంటుంది. ఖర్చు ఆగినా రాబడి ఆగలేదన్నమాట. ఆ మిగులు కాండంలోనూ వేళ్ళలోనూ చేరుతుంది. నేలలో పాతుకున్న పొదకి రెండు మూడు వారాలు మానితే చాలు, చావదు. కుండీలో మొక్కకి ఈ లెక్క పనికిరాదు. పిడికెడు మట్టి రెండు రోజుల్లో ఎండిపోతుంది కాబట్టి అక్కడ పూర్తిగా మానకండి. ఆకు కాస్త వేలాడినప్పుడు ఒక చెంబు, మళ్ళీ వేలాడేదాకా ఏమీ వద్దు.

తర్వాత కత్తిరింపు. కొమ్మ కొసన ఉన్న చిగురు పెత్తందారు లాంటిది. అక్కడ తయారయ్యే ఆక్సిన్ అనే పదార్థం కిందికి దిగుతూ కణుపుల దగ్గర నిద్రపోతున్న మొగ్గల్ని లేవనివ్వదు. కొస తెగితే ఆ పట్టు పోతుంది. కింద రెండు మూడు కణుపుల దగ్గర ఒకేసారి రెమ్మలు లేస్తాయి. ఒక్క కొస ఉన్న చోట మూడు కొసలు వస్తాయి, ప్రతి కొసకీ మొగ్గలు. మా అమ్మకి ఆక్సిన్ పేరు తెలియదు. సంక్రాంతి ముగ్గులకి పేడ నీళ్ళు చల్లే రోజుల్లోనే ఒక మధ్యాహ్నం కొడవలి తీసుకుని పొదని మోకాలెత్తుకి దించేసేది. నేను చిన్నప్పుడు ఏడ్చానట.

ఎలాగంటే: ముందు ఎండిన పుల్లలు, రోగం పట్టినవి, లోపలికి తిరిగి ఒకదాన్నొకటి రాసుకుంటున్నవి తీసెయ్యాలి. తర్వాత మిగిలినవాటిని నేల నుంచి జానెడున్నర, రెండు జానల ఎత్తుకి తెగ్గొయ్యాలి. కణుపుకి కొంచెం పైన, వాలుగా, ఒక్క వేటుకి. నలిగిన కోత కుళ్ళుతుంది. ఆ తర్వాత మిగిలిన ఆకు దూసెయ్యాలి. ముదిరిన ఆకు అడుగున నల్లి, మిగతా పురుగులు చలికాలం గడుపుతుంటాయి కాబట్టి ఆకు తీస్తే వాటి ఇల్లు పోయినట్టే. పైగా లేత రెమ్మలన్నీ ఒకే వరసలో లేస్తాయి. పెద్ద మల్లెతోటల్లో దూయడానికి కూలి గిట్టుబాటు కాక గొర్రెల్నో మేకల్నో తోలి మేపించే పద్ధతి కూడా ఉంది. దూసిన ఆకులో పురుగు లేకపోతే గోతిలో వేసి మాగనివ్వండి, ఉంటే తగలబెట్టండి.

అప్పుడు పొద చుట్టూ మట్టి గుల్ల చేసి, పాదు కట్టి, బాగా మాగిన పశువుల ఎరువు ఒక తట్టెడు, వేపపిండి ఒక గుప్పెడు కలిపి నీళ్ళు పెట్టాలి. పచ్చి పేడ వద్దు. అది మాగేటప్పుడు వేడి పుట్టి లేత వేళ్ళని మాడుస్తుంది.

ఒక హెచ్చరిక. కాగడా మల్లెకి ఇది వర్తించదు. అది పూసేదే ఈ చలిరోజుల్లో. పేరులో మల్లె ఉందని కటర్ పట్టుకెళ్ళి మొగ్గల మీద ఉన్నదాన్ని నరికినవాళ్ళని చూశాను. దాని పూత అయిపోయేదాకా ఆగండి.

గులాబీది కూడా మల్లె దారే, కొత్త రెమ్మకే పువ్వు. కాకపోతే దాని ముహూర్తం ముందు. మా హైదరాబాదులో వానలు దసరా నాటికి సర్దుకుంటాయి కాబట్టి అక్టోబరు రెండో సగంలో కత్తిరిస్తాను. నలభై అయిదు రోజులు అటూ ఇటూగా పూలొస్తాయి. ఆ అమ్మాయి వచ్చిన రోజున విరిసి ఉన్నవి అవే. మా అక్క ఉండేది నెల్లూరులో. అక్కడ అసలు వానలు పడేదే అక్టోబరు, నవంబరుల్లో, ఈశాన్య రుతుపవనాలకి. కోసిన కొనల మీద తడి నిలిచి కొమ్మ పైనుంచి కిందికి నల్లబడుతూ ఎండిపోతుంది. అందుకని తను డిసెంబరు దాకా కటర్ ముట్టుకోదు. క్యాలెండర్ చూసి కత్తిరించే వాళ్ళకి నేను చెప్పేది ఇదే, మీ ఊరి ఆకాశం చూడండి. కోసిన చోట బోర్డో పేస్టు రాస్తే మంచిది. అంటు గులాబీ అయితే అంటు కట్టిన బుడిపె కింది నుంచి లేచే కొమ్మల్ని మొదటికంటా లాగేయండి. అవి వేరు మొక్క కొమ్మలు. బలమంతా మింగి, మీరు కొన్న పువ్వు మాత్రం ఇవ్వవు.

ఇంతవరకు విని ఆ అమ్మాయి మామిడి వైపు చూసింది. "దాన్ని కూడా కత్తిరిద్దామా?"

వద్దమ్మా వద్దు. మామిడి లెక్క వేరు. వానల్లో వచ్చి ముదిరిన కొమ్మ కొసనే దాని పూత. ఇప్పుడు కొస తీస్తే వచ్చే పూతని చేతులారా తెంపినట్టు. మామిడికి కత్తిరింపు కాయ దిగిన వెంటనే, జూన్ జులైల్లో. ఇప్పుడు దానికి చెయ్యాల్సిందల్లా నీళ్ళు ఆపడం, అదీ కాయలు కాసే వయసొచ్చిన చెట్టుకి. చల్లటి పొడి రాత్రులు పడితేనే ముదురు కొమ్మ పూత వైపు మళ్ళుతుంది. ఇది నాకు అనుభవం మీద తెలిసింది. ఒక ఏడు నవంబరులో పక్కనే టమాటా మడి వేసి రోజూ నీళ్ళు పెట్టాను, చాలదన్నట్టు యూరియా కూడా చల్లాను. చెట్టు ఎంత సంతోషించిందో! డిసెంబరులో ఒళ్ళంతా రాగిరంగు చిగురు. వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి చూశారు. ఆ వేసవి ఆవకాయకి కాయలు బజార్లో కొన్నాం. చిన్న మొక్కలకి మాత్రం నీళ్ళు మానకండి, వాటికింకా పూతతో పని లేదు.

చామంతి కథ మరీ విచిత్రం. దానికి చలితోనూ దాహంతోనూ కాకుండా చీకటితో పని. రాత్రి తగినంత పొడవైతేనే మొగ్గ కడుతుంది. అమెరికాలో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వేసవి పొలంలో ఎంత ఎత్తు ఎదిగినా పూయని ఒక పొగాకు రకాన్ని రోజూ సాయంత్రం పెందలాడే చీకటి గదిలో పెట్టి పూయించారు. పగటి నిడివే కారణమని 1920లో ప్రచురించారు. అసలు మొక్క కొలిచేది పగటిని కూడా కాదు, మధ్యలో తెగని రాత్రిని అని తర్వాత తేలింది. మూడేళ్ళ క్రితం మా గోడ పక్క స్తంభానికి తెల్లటి కొత్త దీపం పెట్టారు. ఆ వెలుగు పడిన నాలుగు కుండీలు సంక్రాంతికి కూడా ఆకుపచ్చగానే నిలబడ్డాయి. ఇంటి వెనక పెట్టినవి విరగబూశాయి. అప్పటి నుంచి ఆ నాలుగింటికీ సాయంత్రం ఆరింటికి పాత గోనెసంచి కప్పి పొద్దున తీస్తున్నాను. ఇంట్లో నవ్వుతారు, నవ్వనీ.

ఇక మిగిలినవి చిన్న పనులు. నాలుగు నెలల వానకి కుండీ మట్టి పైన అట్టకట్టి, సారం కొట్టుకుపోయి ఉంటుంది. పై రెండంగుళాలు తవ్వి తీసి మాగిన ఎరువు నింపండి, అడుగు చిల్లు పూడిపోయిందేమో పుల్లతో పొడిచి చూడండి. కొత్తిమీర, మెంతి, పాలకూర, ముల్లంగి చల్లుకోవడానికి అదును ఇదే. ధనియాన్ని చెప్పు కింద నలిపి రెండు బద్దలు చెయ్యండి, ఒక్కో బద్దలో ఒక్కో గింజ ఉంటుంది. మందారానికి పిండినల్లి పడితే లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపి పొద్దు వాలాక కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

తర్వాత మూడు వారాలు ఆ అమ్మాయి ఆఫీసుకి వెళ్తూ వెళ్తూ మల్లెపొద దగ్గర ఒక్క క్షణం ఆగడం కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఒకరోజు చెంబు కూడా చేతిలో ఉంది. నన్ను చూసి వెనక్కి తీసుకెళ్ళింది.

డిసెంబరు చివరి ఆదివారం పొద కొట్టేశాం. ఆకు తనే దూసింది, వేళ్ళు పచ్చబడేదాకా. పాదు కట్టి ఎరువు కలిపేసరికి మిగిలింది పాతిక మొండి పుల్లలు. దూరం నుంచి చూస్తే బోర్లించిన చీపురులా ఉంది.

"ఇప్పుడు పోయొచ్చా బాబాయ్‌గారూ?"

"రెండు బకెట్లు," అన్నాను.

మూడోది కూడా తెచ్చింది.